కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి... నడుమ ఓ పాత హార్మోనియం!

"జగదేకవీరుని కథ" చూడనివారు మన పాఠకుల్లో ఎవరుంటారు? 1961లో విడుదలైన ఆ విజయావారి చిత్రంలో ఎన్.టి.రామారావు ఒక్కరే ఐదుగురై, ఒకరు గానం చేస్తుంటే తక్కినవారు వీణా, మృదంగమూ వగైరాలు అందుకుని కచేరీ నడిపించే ఘట్టం ఇప్పటికీ టీవీలో వస్తే, చేతిలో పని ఆపి చూసేవాళ్ళున్నారు.

సరే, ఇప్పుడొక చిలిపి ఊహ. ఆ ఐదుగురూ ఈనాడు హైదరాబాదులో ఏ అమీర్‌పేటలోనో రూము తీసుకుని వున్నారనుకోండి. వీణ కావాలి, మృదంగం కావాలి, తంబూరా కావాలి. చేతిలో డబ్బు చూస్తే కొత్తవి కొనడానికి చాలదు. ఏం చేస్తారు? సెల్‌ఫోన్ తీసి ఓఎల్ఎక్స్‌లో వెతుకుతారు. అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు కథ! దేవతల్ని మెప్పించడం తేలికేమో గానీ, "ఫిక్స్‌డ్ ప్రైస్, నో బార్గెయినింగ్" అని ప్రకటన ఇచ్చినవాణ్ణి మెప్పించి ఓ వెయ్యి తగ్గించడానికి ఐదుగురు రామారావులు చాలరు.

నవ్వులాటకి అన్నా, ఇందులో నవ్వు కానిది చాలా వుంది. పాత వాద్యాలు ఈరోజు ఎక్కువగా చేతులు మారుతున్నది ఫోన్లోనే. ఆన్‌లైన్ ప్రకటన చూసి, ముక్కూ మొహం తెలియని మనిషికి మెసేజ్ పెట్టి, బేరమాడి కొనడం. అమ్మేవాడెవరో కొనేవాడికి తెలీదు. కొనేవాడు వాయించేవాడో, వాయిదాలు వేసేవాడో అమ్మేవాడికి తెలీదు. మధ్యలో బేరం!

పూర్వం ఇలా వుండేది కాదు. మన సినిమాలన్నీ మద్రాసులో తయారయ్యే రోజుల్లో పాట రికార్డింగంటే హాలు నిండా వయొలిన్లు, చెల్లోలు, తబలాలు, ఫ్లూట్లు... ఒక్కొక్క పాటకి ఎందరో వాద్యకారులు. కొత్త వాద్యం కావాలంటే మౌంట్ రోడ్డులో 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ వుండనే వుంది. పాతది కావాలంటే మాత్రం తోటి వాద్యకారుణ్ణి అడగడమే. ఆ వాద్యం ఎవరి చేతిలో పెరిగిందో, ఎప్పుడు కింద పడిందో, ఎవరు రిపేరు చేశారో అందరికీ తెలుసు. కాబట్టి బేరానికి పెద్దగా చోటు లేదు. ధర ఏ పెద్దమనిషో చెప్పేవాడు. "ఏమయ్యా, ఇంత ఇచ్చెయ్" అంటే ఇచ్చెయ్యడమే! ఇప్పుడా పెద్దమనిషి స్థానంలో వున్నది సెల్‌ఫోన్. అది ఫోటో చూపిస్తుందే గానీ, "వాడు మంచివాడే, మరీ గీచి గీచి అడక్కు" అని చెవిలో చెప్పదు గదా!

"లాస్ట్ ఎంత బ్రదర్?"

ప్రకటన ఇచ్చిన ఏ వాద్యకారుణ్ణయినా కదిపి చూడండి. మొట్టమొదట అతను పళ్ళు కొరికేది ఈ మాట మీదే. కీబోర్డు అమ్ముతానని పొద్దున్నే ఫోటోలు పెడతాడు. కాఫీ తాగేలోపే మెసేజ్!

"ఉందా?"

"ఉందండీ."

"లాస్ట్ ఎంత?"

"మీరొచ్చి వాయించి చూడండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం."

"అది కాదు బ్రదర్, లాస్ట్ చెప్పు."

నమస్కారం లేదు, పేరు లేదు, ఏ వూరో లేదు. వస్తువు చూడకుండా ఆఖరి ధర అడగడమంటే, పెళ్ళిచూపులకి వెళ్ళకుండా కట్నం ఖాయం చేయమన్నట్టే! (కట్నం తప్పు కదా అంటారా? తప్పే. ఇదీ తప్పే.) అమ్మేవాడు ఆ ప్రశ్నకి నిజం చెబితే అసలు బేరానికి అతని దగ్గర ఇంకేమీ మిగలదు. అబద్ధం చెబితే రేపు మీరు వెళ్ళాక ఇద్దరికీ ఇబ్బంది. అందుకని తెలివైనవాడు జవాబే ఇవ్వడు. "రెస్పాన్స్ లేదండీ, అమ్మే ఉద్దేశం వున్నట్టు లేదు" అని మీరు మిత్రుల దగ్గర వాపోతారు. ఉద్దేశం వుంది మహాశయా, మీతో లేదు!

మరి ఎలా పలకరించాలి? బ్రహ్మవిద్యేం కాదు. "నమస్తే అండీ, మీ హార్మోనియం ప్రకటన చూశాను. నేను ఫలానా చోట వుంటాను, మా అమ్మాయి నేర్చుకోడానికి కావాలి. ఎన్నాళ్ళ క్రితం కొన్నారు? రిపేరేమన్నా చేయించారా? ఆదివారం వచ్చి చూడొచ్చా?" అంతే! ఈ నాలుగు వాక్యాలతో అవతలి మనిషికి మీరు నిజంగా కొనేవారని తెలిసిపోతుంది. పదిమంది "లాస్ట్ ఎంత" గాళ్ళ మధ్య మీరొక్కరే మనిషిలా కనిపిస్తారు. చెప్పొద్దూ, బేరంలో సగం అక్కడే గెలిచినట్టు.

సగానికి సగం అడగడం న్యాయమేనా?

ఇక్కడ మన అలవాటు గురించి ఒక మాట. హైదరాబాదులో గురువారం నాటి జుమ్మేరాత్ బజారుకో, ఎర్రగడ్డ ఆదివారం సంతకో వెళితే, చెప్పిన ధరలో సగానికి అడగడం మర్యాదే. అక్కడ దుకాణదారు మీరు సగానికి అడుగుతారని తెలిసే చెబుతాడు. మీరడక్కపోతే వాడికే వింతగా వుంటుంది! అది ఇద్దరికీ తెలిసిన నాటకం. "బోణీ బేరం, ఆ మాట అనకండి" అని వాడు నెత్తి కొట్టుకోవడం కూడా ఆ నాటకంలో డైలాగే.

కానీ ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చేవాళ్ళలో చాలామంది వ్యాపారులు కారు. ఇంట్లో వున్న ఒక్క వాద్యాన్ని జీవితంలో ఒక్కసారి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళు ధర పెట్టేటప్పుడు సగం తగ్గించడానికి వీలుగా పెట్టరు. ఓ వెయ్యో రెండు వేలో సందు వుంచుకుంటారు. ఉదాహరణకి, 12,000 అని పెట్టిన గిటారుని ఆరుకి అడిగారనుకోండి. జుమ్మేరాత్ బజారులో అయితే తొమ్మిదికి తెగుతుంది. ఈయనకి మాత్రం మనసు విరిగిపోయి ఫోన్ పెట్టేస్తాడు. అదే మీరు, "అండీ, కొత్తది ఇప్పుడు షాపులో ఇంతకి వస్తోంది, మీది నాలుగేళ్ళు వాడింది, అందుకని నేను పది అనుకుంటున్నాను" అంటే ఆయన కోప్పడడు. ఒప్పుకోకపోవచ్చు, కానీ మాట్లాడతాడు. అడిగిన అంకెకి కారణం వుండాలి, అదీ కిటుకు. కారణం వున్న తక్కువ ధర బేరం. కారణం లేని తక్కువ ధర అవమానం.

కొత్తదాని ధర తెలుసుకుని వెళ్ళడం ఎంత అవసరమో, ఆ ధరని మొహాన కొట్టకుండా వుండడమూ అంతే అవసరం. అమ్మేవారిలో కొందరు పదేళ్ళ కిందట కొన్న ధర మీదే వేలాడుతుంటారు. "నేను ముప్ఫై వేలు పెట్టి కొన్నానండీ!" నిజమే కొన్నారు. కానీ ఇప్పుడు అంతకన్నా మంచి మోడల్ ఇరవైకి వస్తోంది. ఎలక్ట్రానిక్ వాద్యాలకి ఈ శాపం తప్పదు. ఏటేటా కొత్తవి వస్తుంటే పాతవాటి ధర పడిపోతుంది. మంచి కట్టెతో చేసిన వీణకీ మృదంగానికీ ఆ భయం లేదు. బాగా చూసుకున్న పాత వీణ నాదం కొత్తదానికి రాదనే విద్వాంసులు ఎందరో. కాబట్టి "పాతదే కదా" అన్న ఒక్క కత్తితో అన్ని వాద్యాల ధరా కోయకూడదు.

వాయించి చూసి మాట్లాడండి!

ఇప్పుడు అసలైన ఘట్టానికి వద్దాం. వెళ్ళారు, కూర్చున్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఎదురుగా వాద్యం. బేరంలో మీ ఆయుధం మీ నోరు కాదు, మీ చెవి.

హార్మోనియంతో మొదలుపెడదాం. దాని చరిత్రే బేరసారాల చరిత్రలా వుంటుంది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ పేటెంటు తీసుకున్న కాలితొక్కుడు వాద్యం మన దేశానికి వచ్చింది. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో తిత్తి వూదుతూ నేలమీద కూర్చుని వాయించేట్టు మార్చాడు. గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. రేడియో వద్దన్నా మన పద్యనాటకం మాత్రం దాన్ని వదల్లేదు. హార్మోనియం శ్రుతి లేనిదే రాయబారంలో కృష్ణుడు రాగం ఎత్తుకునేవాడా?

అలాంటి హార్మోనియాన్ని చూడ్డం ఇలా. ముందున్న స్టాపర్లన్నీ మూసేసి, తిత్తి నిండా గాలి కొట్టి వదిలెయ్యండి. మంచి పెట్టె అయితే తిత్తి గాలిని పట్టుకుని నిదానంగా దిగుతుంది. ఢామ్మని కూలిపోతే ఎక్కడో గాలి పోతోందన్నమాట. తోలు చిరిగిందో, ఎలుక కొరికిందో! తర్వాత ఒక్కొక్క మెట్టూ నొక్కి చూడండి. రెండు వరసల రీడ్లున్న పెట్టెలో రెండూ ఒక్క గొంతుతో పలకాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ లాగుతుంటే శ్రుతి చేయించాలి. నొక్కని మెట్టు తనంతట తానే పాడుతుంటే కింద స్ప్రింగో, తోలో పోయినట్టు.

ఇవన్నీ బాగుచేయించుకోవచ్చు. అందుకే ఇవి బేరానికి న్యాయమైన కారణాలు. "మాస్టారూ, తిత్తి కారుతోంది, మూడు రీడ్లు శ్రుతి తప్పాయి. బాగుచేసేవాణ్ణి అడిగితే ఇంతవుతుందన్నాడు. అది తగ్గించండి" అంటే ఏ పెద్దమనిషీ కాదనడు. అంతేగానీ, "ఏంటండీ ఈ డొక్కు పెట్టె, ఎవరు కొంటారు దీన్ని" అనకూడదు. డొక్కుదయితే మీరు అంతదూరం నుంచి ఎందుకొచ్చారు? ఆ పెట్టెమీద ఆయన నలభై ఏళ్ళు కృష్ణుడికీ అర్జునుడికీ శ్రుతి ఇచ్చి వుండొచ్చు. ధర తగ్గించమని అడగడం మీ హక్కు. వాద్యాన్ని తగ్గించి మాట్లాడే హక్కు, దాన్ని వాయించిన మనిషిని తగ్గించే హక్కు మీకెవరూ ఇవ్వలేదు.

అన్నట్టు, హార్మోనియం ప్రకటనల్లో "జర్మన్ రీడ్స్" అన్న మాట తరచు కనిపిస్తుంది. అదొక పాత మంత్రం. గుజరాత్‌లోని పాలిటాణా రీడ్లకి కూడా మంచిపేరుంది. రీడు ఏ దేశానిదని కాదు, ఎలా పలుకుతోందన్నదే ముఖ్యం. జర్మనీ పేరు చెప్పి ఐదు వేలు ఎక్కువ అడిగితే, "ఒకసారి పైపలక తీసి చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి.

వయొలిన్లదీ ఇదే వరస. లోపలికి తొంగిచూస్తే ఒక పాత కాగితం మీద లాటిన్ అక్షరాల్లో "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్" అని వుంటుంది. అమ్మేవాడి గుండె ఝల్లుమంటుంది, తాతగారు తనకో కోటి రూపాయల ఆస్తి వదిలిపోయారని! ఇటలీలోని క్రెమోనాకి చెందిన ఆ మహాశిల్పి 1737లో కన్నుమూశాడు. ఆయన చేసినవాటిలో ఇప్పుడు మిగిలినవి సుమారు 650. వాటి జాతకాలన్నీ నిపుణుల దగ్గరున్నాయి. ఆయన నమూనాలో ఐరోపా ఫ్యాక్టరీలు చేసిన లక్షలాది వయొలిన్లకి ఆయన పేరుతోనే చీటీ అంటించారు. అది మోసం చేయాలని కూడా కాదు, ఫలానా నమూనా అని చెప్పడానికి. కనుక ఆ చీటీ చూపించి ధర పెంచేవాణ్ణి చూసి నవ్వకండి. ఆయన నిజంగానే నమ్మి వుండొచ్చు. "చీటీ సంగతి ఎలా వున్నా, నాదం బాగుందండీ. ఆ నాదానికి ఇంత ఇస్తాను" అనండి. ఆయన పరువూ నిలుస్తుంది, మీ డబ్బూ నిలుస్తుంది.

వీణ కొనడానికి వెళ్ళేవారు మాత్రం కచ్చితంగా తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళాలి. ఇరవైనాలుగు మెట్లూ మైనం మీద కూర్చుని వుంటాయి. అటకమీద ఎండాకాలాలు గడిపిన వీణలో ఆ మైనం కరిగో, ఎండిపోయి పగిలో మెట్లు జరిగిపోతాయి. అప్పుడు మళ్ళీ మేళం కట్టించాలి. ఆ పని తెలిసినవాళ్ళు ప్రతి వీధిలోనూ దొరకరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, నూజివీడు లాంటి చోట్లే ఆ చేతులున్నాయి. కాబట్టి మేళం చెడిన వీణకి ధర తగ్గించమని అడగడం ముమ్మాటికీ న్యాయం. ప్రకటనలో "ఏకాండి వీణ" అని రాస్తే, అంటే ఒకే పనస దుంగలో తొలిచినదని చెబితే, కుండా దండీ కలిసే చోట అతుకు గీత వుందేమో చూడండి. గీత వుంటే అది ఏకాండి కాదు. ఆ తేడా ధరలో కనపడాలి. కుండమీద పగుళ్ళున్నాయేమో వేలితో తట్టి వినండి.

గిటారు సంగతి తేలిక. బుర్రవైపు నుంచి మెడ వెంబడి ఒక కన్ను మూసి చూడండి, తుపాకి గురి చూసినట్టు. మెడ వంగినా, మెలితిరిగినా తెలిసిపోతుంది. ప్రతి ఫ్రెట్టు మీదా తీగ నొక్కి మీటితే ఎక్కడన్నా జర్రుమంటోందా? బ్రిడ్జి పైకి లేచిందా? ఇవి బేరానికి కారణాలు. తుప్పుపట్టిన తీగలు మాత్రం కారణం కాదు! తీగలు అరిగిపోయేవే, ఎవరైనా మార్చుకోవలసినవే. కొన్ని వందల రూపాయల తీగల సెట్టు సాకుగా చూపి రెండు వేలు తగ్గించమనే మహానుభావులున్నారు. మృదంగం మూతలదీ అదే సంగతి. మూతలు మార్చుకోవలసిందే. చూడవలసింది కట్టె.

కీబోర్డుకి వెళ్ళేటప్పుడు హెడ్‌ఫోన్ పట్టుకెళ్ళండి. ప్రతి మీటా మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. మెల్లగా నొక్కినా కొన్ని కేకలు పెడుతుంటే లోపలి రబ్బరు కాంటాక్టులు మాసినట్టు. శుభ్రం చేయిస్తే చాలావరకు సర్దుకుంటాయి. బ్యాటరీ పెట్టె మూత తీసి తుప్పు చూడండి. ఇంకో జాగ్రత్త! "అడాప్టర్ లేదు, ఏదన్నా పెట్టుకోవచ్చు" అంటే నమ్మి మీ దగ్గరున్నది గుచ్చకండి. పాత కాసియోల్లో చాలావాటికి అడాప్టరు పిన్ను నడిమి భాగం మైనస్, యమహాకి ప్లస్. తారుమారైతే ఎదుటివాడి కీబోర్డు మీ చేతిలో కాలిపోతుంది. అప్పుడిక బేరమాడవలసింది ఆయన!

ట్రయల్ అంటే ట్రయలే. కొందరు నలుగురు మిత్రుల్ని వెంటేసుకుని వచ్చి, రెండు గంటలు పాత హిట్లన్నీ వాయించి, ఫోన్లో వీడియో తీసుకుని, "ఆలోచించి చెబుతాం అన్నా" అని వెళ్ళిపోతారు. వాళ్ళకి కావలసింది కీబోర్డు కాదు, ఉచిత కచేరీ! పావుగంట చాలు. నచ్చకపోతే అక్కడే చెప్పండి.

గుమ్మంలో మాట మార్చకండి

ఆన్‌లైన్ బేరాల్లో అన్నిటికన్నా హీనమైన అలవాటు ఇది. ఫోన్లో రెండు రోజులు మాట్లాడి తొమ్మిది వేలకి ఒప్పుకుంటారు. అమ్మేవాడు మిగతా వాళ్ళందరికీ "అయిపోయింది" అని చెప్పేస్తాడు. మీరు వస్తారు, చూస్తారు, అంతా చెప్పినట్టే వుంటుంది. జేబులోంచి డబ్బు తీస్తూ...

"అన్నా, నా దగ్గర ఏడే వున్నాయి."

"అదేంటి తమ్ముడూ, తొమ్మిదన్నావు కదా!"

"అంత దూరం నుంచి వచ్చాను అన్నా, పెట్రోలు కూడా అయింది..."

దూరం నుంచి రమ్మని ఆయన బొట్టుపెట్టి పిలిచాడా? ఇది బేరం కాదు, బలవంతం. వాద్యం గుమ్మంలో వుంది, కవరు కట్టేశాడు, ఇంట్లో వాళ్ళతో అమ్మేశానని చెప్పాడు. ఆ మొహమాటాన్ని ఏడువేలకి కొనడమన్నమాట! ఒప్పుకున్న ధరని మళ్ళీ కదిలించడానికి ఒకే ఒక్క కారణం వుంది. ముందు చెప్పని లోపం కంటబడడం. అప్పుడు మాత్రం నిర్మొహమాటంగా అడగొచ్చు. ఆయన ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యొచ్చు.

అమ్మేవారు అందరూ సత్యహరిశ్చంద్రులా అంటే, అబ్బే! కంపెనీ వెబ్‌సైటులోని నిగనిగలాడే ఫోటో పెట్టి ఇంట్లో గీతలుపడ్డది చూపించేవాళ్ళున్నారు. "ఒక్కసారే వాడాం" అన్నదాని మీద అక్షరాలు అరిగిపోయి వుంటాయి. లేని గిరాకీని పుట్టించే విద్య ఒకటుంది. "మీకన్నా ముందు ఒకాయన పదిహేనుకి అడిగాడండీ!" మరి ఇవ్వలేదేం? బయానా పుచ్చుకుని, మర్నాడు ఎవరో ఐదొందలు ఎక్కువిస్తే వాళ్ళకి అప్పజెప్పేవాళ్ళున్నారు. బయానా తీసుకున్నాక అది ఇంకొకరి వాద్యం. మీ ఇంట్లో వుందంతే. లోపాలు ప్రకటనలోనే రాసేస్తే వచ్చేవాళ్ళు తగ్గుతారేమో గానీ, వచ్చినవాళ్ళు కొనేవాళ్ళై వుంటారు.

అమ్మేది ఎవరు?

ఈ ప్రశ్న వేసుకోకుండా బేరమాడకూడదని నా అభిప్రాయం. ఇంజనీరింగు అయిపోయి అమెరికా వీసా వచ్చిన కుర్రాడు, ఆగస్టులో ఫ్లైటు ఎక్కేముందు గిటారు అమ్ముతున్నాడనుకోండి. అతనితో హాయిగా బేరమాడండి! అతనికి డబ్బుకన్నా గదిలో చోటు ఖాళీ కావడం ముఖ్యం. నవ్వుతూ మీరో మాట, అతనో మాట. 1980లో శంకరాభరణం వచ్చిన వేడిలో అమ్మాయికి కొనిపెట్టిన వీణ, అమ్మాయికి మనవలొచ్చినా పెట్టెలోనే వుండిపోతే, ఆ ఇంటి పెద్దావిడ అమ్ముతారు. "అమ్మా, నేర్చుకునే పిల్లకే తీసుకెళుతున్నాను" అని నిజం చెప్పండి. ఆవిడకి ఆ మాటే సగం ధర. షోకేసులో పెట్టడానికి తీసుకెళుతూ మాత్రం ఆ మాట అనకండి.

ఇంకో రకం వాళ్ళున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్ళిళ్ళలో బ్యాండు లేదు, వినాయకచవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రా లేదు, జాతర్లలో నాటకం లేదు. వాయిస్తే గానీ పూట గడవని వాళ్ళు వాయించే వస్తువునే అమ్ముకున్నారు. ఆ గడ్డురోజులు పోయాయి గానీ, ఆ అవసరం మనుషులకి ఎప్పుడో ఒకప్పుడు వస్తూనే వుంటుంది. ఆస్పత్రి ఖర్చు కావచ్చు, పిల్లల ఫీజు కావచ్చు. ప్రకటనలో "అర్జంట్ సేల్" అని వుంటుంది. బేరగాళ్ళకి ఆ రెండు మాటలూ పండగ! "అర్జంటు కదా, ఎంతకైనా ఇస్తాడు" అని లెక్క వేసుకుని వెళతారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత పుట్టింది ఇలాంటివాళ్ళ వల్లే కాబోలు.

కీబోర్డు ప్లేయరుకి అది కుట్టుపనివాడి మిషను లాంటిది. దాన్ని అమ్ముకుంటున్నాడంటే రేపటి ప్రోగ్రాం కూడా అమ్ముకుంటున్నాడన్నమాట. అతని దగ్గర న్యాయమైన ధరకి కొనండి, ఒక్కసారి అడిగి ఊరుకోండి. "పరిస్థితి బాగుపడితే మళ్ళీ నాకే చెప్పండి, నేనిచ్చిన ధరకే తిరిగి ఇస్తాను" అని మాటిచ్చేవారుంటే, వాళ్ళకి రెండు చేతులా నమస్కారం. ఆ మాట మనస్ఫూర్తిగా అనగలిగితేనే అనాలి సుమండీ!

కొసరు మాటేమిటి?

తెలుగువాడి బేరం కొసరు లేకుండా ముగుస్తుందా? కూరల దగ్గర కరివేపాకు రెబ్బయినా పడాలి. వాద్యాల బేరంలో కొసరుకున్న గొప్పతనం ఏమిటంటే, ధర దగ్గర బిగుసుకుపోయిన మనిషి కూడా కొసరు దగ్గర మెత్తబడతాడు. "సరేనండీ, తొమ్మిదే ఇస్తాను. ఆ స్టాండూ కవరూ ఇప్పించండి" అంటే ఇచ్చేస్తాడు. వాద్యం పోయాక స్టాండు ఆయనకెందుకు? గిటారుకైతే బెల్టూ, కాపోలూ, తంబూరా పెట్టెకి అడాప్టరూ, వయొలిన్‌కి రోజినూ... వీటన్నిటికన్నా విలువైన కొసరు ఇంకొకటుంది. "దీన్ని మీరెక్కడ బాగుచేయించేవారు?" అని అడగండి. మంచి రిపేరు మేస్త్రీ ఫోన్ నంబరు వెయ్యి రూపాయల డిస్కౌంటుకన్నా మేలు.

దొంగలున్నారు జాగ్రత్త!

ఇది క్లుప్తంగా చెప్పేస్తాను. మీరు అమ్మేవారైతే, బేరమే ఆడకుండా అడిగినంతా ఇస్తాననేవాణ్ణి చూసి భయపడండి. తాను సైన్యంలో అధికారినని, బదిలీ అయిందని, వస్తువు చూడనక్కర్లేదని, డబ్బు పంపిస్తున్నాను ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కమని అంటాడు. మనకి డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కర్లేదు. నొక్కితే పోయేది మన డబ్బే! పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మీరు కొనేవారైతే, వాద్యం కళ్ళారా చూడకుండా "టోకెన్ అడ్వాన్సు" పంపకండి. ఖరీదైన కీబోర్డయితే బిల్లు అడిగి, దానిమీది సీరియల్ నంబరూ వాద్యం మీదిదీ ఒకటేనేమో చూసుకోండి. బిల్లు అడిగితే నిజాయితీ గలవాడు నొచ్చుకోడు.

బేరం కుదిరింది, డబ్బు చేతులు మారింది. ఇక మీదట ధర మాటెత్తకూడదు. "నిజానికి ఇంకో వెయ్యి తగ్గించాల్సింది" అని మీరనకూడదు. "ఇంకొకరైతే ఎక్కువిచ్చేవారు" అని ఆయనా అనకూడదు. ఒక్కోసారి అమ్మినాయన, "ఒక్క నిమిషం బాబూ" అని వాద్యం ముందు మళ్ళీ కూర్చుంటాడు. ఏ కీర్తనో, ఏ పాత సినిమా పాటో ఒక చరణం వాయించుకుంటాడు. అప్పుడు ఆటో వెయిటింగ్ చార్జీ గురించి ఆలోచించకండి, ఫోన్ చూసుకోకండి. కూర్చుని వినండి.

తీసుకెళ్ళేటప్పుడు వీణని స్కూటరు మీద అడ్డంగా పెట్టే సాహసం చేయవద్దు. కారు వెనకసీట్లో ఇద్దరు కూర్చుని ఒళ్ళో పెట్టుకోవలసిందే. హార్మోనియం తిత్తికి బెల్టు బిగించి, పెట్టె నిలువుగా కాక మామూలుగానే పెట్టండి. ఇంటికి చేరగానే "క్షేమంగా చేరింది మాస్టారూ" అని ఒక మెసేజ్ పెట్టండి. ఇక అమ్మినవారు చేయవలసిన పని ఒకటి మిగిలింది. ఆ ప్రకటన తీసెయ్యడం! తీయకపోతే సంక్రాంతికి అమ్మిన హార్మోనియం కోసం దసరాకి కూడా అర్ధరాత్రి ఫోన్ మోగుతూనే వుంటుంది.